ఏమీ చెయ్యని గుండ్రం

బోర్డక్కకు వీధిలో ఊరికే నడవడం చేతకాదు. పదడుగులు వేసిందంటే పదకొండు బోర్డులకు వంకలు పెడుతుంది. మందుల షాపు అక్షరాలు మరీ సన్నంగా ఉన్నాయట, చూపు ఆననివాళ్లే కదా మందులకు వచ్చేది అంటుంది. పళ్ల డాక్టరు బోర్డు మీద నవ్వుతున్న బొమ్మకు నలభై పళ్లున్నాయని నిలబడి లెక్కపెట్టి మరీ చెబుతుంది. ఆమెతో బజారుకు వెళ్లాలంటే ఆమె మొగుడు గంట ముందే బయల్దేరదీస్తాడు. ఫ్రిజ్‌లు బాగుచేసే మనిషి, ఓపిక ఎక్కువ. ఆయనైనా ఒక హద్దు దాకానే వింటాడు, ఆ తర్వాత "సరే, పద" అంటాడు.

బోర్డులు రాయడం ఆమెకు తండ్రి నుంచి వచ్చిన పని. ఇప్పుడు కుంచెలు మూలన పడ్డాయి. అక్షరాలను మిషన్ కోస్తుంది, ఈమె అంటిస్తుంది. మేడమెట్ల కింద ఉన్న ఆ షాపులో మిషన్‌కు, బల్లకు పోను మిగిలిన జాగాలో ఒక మనిషి నిలబడవచ్చు. రెండో మనిషి వస్తే మొదటి మనిషి బల్ల ఎక్కాలి. అలవాటు మాత్రం తండ్రిదే ఉంచుకుంది. ఏ షాపుకు బోర్డు ఒప్పుకున్నా ముందు దానికి ఎదురుగా ఒక గంట కూర్చుంటుంది. ఆ గంటసేపు నోరు మెదపదు, ఆమెను ఎరిగినవాళ్లకు అదొక వింత. జనం ఎటు నుంచి వస్తున్నారు, ఎక్కడ తలెత్తుతున్నారు, ఎవరు వెతుక్కుని వెతుక్కుని వెనక్కి పోతున్నారు, అన్నీ చూస్తుంది. తర్వాత షాపుకు వచ్చి, గ్లాసులో టీ పోసుకుని, స్టికర్ల వెనక ఒలిచి పారేసే పసుపు కాగితం మీద బొమ్మ గీస్తుంది. ఆ గ్లాసు అడుగున చిన్న పెచ్చు ఊడిపోయింది. "పారెయ్యవే ఆ దిక్కుమాలిన గ్లాసు" అని అత్తగారు నెలకోసారి అంటుంది, ఈమె నెలకోసారి ఊకొడుతుంది. గ్లాసు సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ఇంతకీ ఈ కథ ఆ అత్తగారి వల్లే మొదలైంది. అత్తాకోడళ్లనగానే మీరేదో ఊహించుకోనక్కర్లేదు. ఇద్దరికీ నోరు పెద్దదే గానీ ఇద్దరూ ఎప్పుడూ ఒకే పక్షాన నిలబడి అరుస్తారు.

అత్తగారు వీధి చివరి లైబ్రరీలో కౌంటర్ దగ్గర ముప్పై ఒక్క ఏళ్లుగా కూర్చుంటోంది. ఎవరు ఏం చదువుతారో, ఎవరు చదవకుండానే తిరిగిస్తారో, ఎవరు చివరి పేజీ ముందు చదివేస్తారో అన్నీ ఆమెకు కంఠతా వచ్చు. కార్డు తీసేది, తేదీ ముద్ర టపీమని కొట్టేది, తలెత్తి "తర్వాత ఎవరండీ?" అనేది. ఆ రెండు ముక్కలు అనేటప్పుడు ఆమె గొంతులో ఒక దర్జా ఉండేది. రిటైర్ కావడానికి ఇంకా మూడేళ్లుంది. ఆ మూడేళ్లూ ఆ కుర్చీలోనే గడవాలని ఆమె కోరిక. అంతకుమించి ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు.

ఆ వేసవిలో కార్డులు పోయి కంప్యూటర్ వచ్చింది. లైబ్రరీ సెక్రటరీగారికి కొత్తవంటే మోజు. ఆయన తెచ్చిపెట్టిన సాఫ్ట్‌వేర్ ఒక్క కంపెనీ సొత్తు కాదు. ఎక్కడెక్కడో ఉన్న జనం ఖాళీ వేళల్లో కలిసి రాస్తారు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, తెలిసినవాళ్లు ఎవరైనా లోపల చెయ్యి పెట్టి బాగుచెయ్యవచ్చు. దాన్ని ఓపెన్ సోర్స్ అంటారని సెక్రటరీగారు మూడుసార్లు చెప్పారు. ఆలోచన బంగారం లాంటిదే. తెర మాత్రం చూస్తే కళ్లు తిరిగేలా ఉంది. ఒక్కచోటే ఇరవై రెండు బటన్లు, అన్నీ ఒకే బూడిదరంగు, అన్నీ ఒకే సైజు. "తిరిగి ఇచ్చారు" అనే బటన్ పక్కనే, వేలెడు దూరం కూడా లేకుండా, "తొలగించు" అనే బటన్.

రెండో రోజునే అత్తగారు ఒకదానికి బదులు ఇంకోటి నొక్కింది. రిటైరైన హెడ్మాస్టరుగారు లైబ్రరీ జాబితాలోంచి మాయమయ్యారు. మర్నాడు ఆయన వస్తే అలాంటి పేరుగలవారు ఎవరూ లేరని తెర చెప్పింది. "ఉన్నానండీ, ఇదిగో, మీ ఎదురుగానే ఉన్నాను" అని ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పారు. అందరూ నవ్వారు. అత్తగారు నవ్వలేదు. ఆ రోజు నుంచి ఆమెకు మౌస్ ముట్టుకోవాలంటే వణుకు పట్టుకుంది. ఒక్కో పుస్తకానికి పది నిమిషాలు పడుతోంది, వరస గుమ్మం దాటి వీధిలోకి వస్తోంది. "తర్వాత ఎవరండీ" అనడం మానేసింది, ఎందుకంటే ముందున్న మనిషి పనే తెమలడం లేదు.

ఒక సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడింది.

"ఏమైంది అత్తయ్యా?" అంది బోర్డక్క.

"నెలాఖరుకి లైబ్రరీ కమిటీ వచ్చి కూర్చుంటుందట. నేను దాంతో పని చెయ్యగలనో లేదో చూస్తారట. చెయ్యలేకపోతే కౌంటర్ ఇంకెవరికో ఇచ్చి నన్ను వెనక గదిలో చినిగిన పుస్తకాలు అతికించుకోమంటారు."

"అంటే?"

"అంటే ఇక నాకు మనుషులు కనపడరమ్మాయ్." ఎవరినీ తిట్టలేదు. అత్తగారు తిట్టకుండా ఊరుకోవడం బోర్డక్క పద్నాలుగేళ్ల కాపురంలో ఎన్నడూ చూడలేదు.

మర్నాడు షాపు మూసేసి లైబ్రరీకి వెళ్లి కౌంటర్‌కు ఎదురుగా గంటసేపు కూర్చుంది. నోరు మెదపలేదు. గంటయ్యాక అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇది రాసిన మహానుభావుడెవరు?" అని సెక్రటరీగారిని నిలదీసింది. ఆయన తడబడుతూ, పదిహేడుమంది రాశారని, అందులో ఒకాయన ఈ ఊళ్లోనే నీళ్ల మీటర్ల ఆఫీసులో పనిచేస్తాడని చెప్పారు.

ఆఫీసులో ఆ మనిషిని అందరూ పద్ధతిబాబు అంటారు. పిన్ను అడిగినా సరే, "దానికో పద్ధతి ఉందండి" అని మొదలుపెడతాడు గనక ఆ పేరొచ్చింది. సన్నగా, ఇస్త్రీ మడత నలగకుండా, జేబులో చిన్న నోటుబుక్కుతో ఉంటాడు. బోర్డక్క వెళ్లేసరికి భోజనాల వేళ. బెంచీ మీద ఒక్కడూ కూర్చుని ఉన్నాడు.

"మీరేనా ఆ లైబ్రరీ సాఫ్ట్‌వేర్ రాసింది?"

"నేనొక్కణ్ణే కాదండి. నాది తెరల పని."

"తెరల పని మీదేనా? సరిగ్గా దొరికారు. ఏం బాగాలేదు."

ఆయనకు కోపం రాలేదు. నోటుబుక్కు తీశాడు. "బాగాలేదంటే ఎలాగండీ? దానికో పద్ధతి ఉంది. ముందు సమస్యేమిటో మా వెబ్‌సైట్లో రాసి పెట్టాలి. ఎవరో ఒకరు దానికి మార్పు రాసి పంపాలి. ఇంకో ఇద్దరు చూసి సరే అనాలి. అప్పుడు లోపలికి వెళ్తుంది."

"నాకు కోడు రాదు. బొమ్మ గీసిస్తాను."

"బొమ్మ పంపడానికి పద్ధతి లేదండి."

"పదిహేడుమందిలో బొమ్మ గీసేవాళ్లు ఒక్కరూ లేరా?"

ఆయన నోటుబుక్కు వెనక్కి తిరగేశాడు. "ఒకాయన ఉండేవారండి. మాకు గుర్తు బొమ్మ గీసిచ్చారు. అది బాగుందా లేదా అని మేం మూడు నెలలు చర్చించాం. తర్వాత ఆయన కనపడలేదు."

"పాపం, ఎలా కనపడతాడు!" అంది బోర్డక్క. ఆ పైన ఇంకా నాలుగు దులిపేదే గానీ, ఎందుకో అడిగింది. "ఇంతకీ దీనికి మీకేమిస్తారు?"

"ఏమీ లేదండి. పొద్దున్నే లేచి ఆఫీసుకు ముందు రెండు గంటలు చేస్తాను. నాలుగేళ్లయింది."

"మరి ఈ యాతన దేనికి?"

పద్ధతిబాబు నోటుబుక్కు వంక చూస్తూ చెప్పాడు. "చిన్నప్పటి నుంచి ఆ కౌంటర్ దగ్గరే పుస్తకాలు తీసుకున్నానండి. అక్కడ కూర్చునే ఆవిడ మీకు తెలిసే ఉంటుంది. రోజుకు రెండొందల కార్డులు తియ్యడం, పెట్టడం, ఆవిడ మణికట్టు నొప్పని అంటుండేవారు. ఆవిడ పని తేలికవుతుందనే సెక్రటరీగారికి చెప్పి అక్కడ పెట్టించాను."

ఇంకేం తిడుతుంది బోర్డక్క! తిట్టడానికి ఇంత దూరం వస్తే తిట్టడానికి మనిషే మిగల్లేదు. మెల్లిగా పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పింది. హెడ్మాస్టరుగారు మాయమైన సంగతి దగ్గర ఆయన మొహం పాలిపోయింది. వెనక గది సంగతి దగ్గర నోటుబుక్కు మూసేశాడు.

"బొమ్మ ఎప్పుడిస్తారండి?" అన్నాడు.

అలా మొదలైంది వాళ్లిద్దరి పని. మొదలవడం బాగానే మొదలైంది, సాగడం మాత్రం రోజుకో రగడ. ఈమె నాలుగు బటన్ల తెర గీసి పంపితే ఆయన తొమ్మిది పెట్టి చూపించాడు. "ఎవరికైనా కావాల్సి వస్తాయేమోనని అక్కా" అన్నాడు. అప్పటికి అక్కా తమ్ముళ్లలా అయ్యారు, అంత చనువుగా పోట్లాడుకునేవారు మరి. ఈమె ఆకుపచ్చ అడిగితే ఇంకో ఆకుపచ్చ పెట్టాడు. "మీరు చెప్పింది మా రంగుల పట్టికలో లేదు, దాని పక్కది పెట్టాను." "బట్టల షాపా నాయనా, అది లేదు ఇది తీసుకోండి అనడానికి?" అని ఈమె కసిరింది. ఈమె అక్షరాల చుట్టూ ఖాళీ వదిలితే ఆయన ఆ ఖాళీలో నేటి తేదీ పెట్టాడు. జాగా వృథా అవుతోందట.

తప్పంతా ఆయనదేనని అనుకోకండి. ఈమె బొమ్మల్లో మనుషుల పేర్లన్నీ రెండేసి మూడేసి అక్షరాలే. ఆయన హెడ్మాస్టరుగారి పూర్తి పేరు, ఇంటిపేరుతో, డిగ్రీలతో సహా అందులో పెట్టి చూపించాడు. అది గడి దాటి, పక్క గడి దాటి, పుస్తకం పేరు మీద ఎక్కి కూర్చుంది. "ఇంత పేరు పెట్టుకోవడానికి ఆయనకు సిగ్గులేదా" అని గొణుక్కుంటూ బోర్డక్క మళ్లీ గీసింది. మరో రోజు అసలు పుస్తకమే తీసుకోని మనిషి తెర ఎలా ఉండాలని అడిగాడు. ఆమెకు ఆ ఆలోచనే తట్టలేదు. ఆ రోజు మాత్రం లోలోపల ఆయనను మెచ్చుకుంది, పైకి అనలేదు.

నెలాఖరు ఇంకా పన్నెండు రోజులుందనగా ఆమె ఓపిక తెగింది. ఫోన్‌లో మొత్తం వీధికి వినపడేలా చెప్పింది. "చూడు బాబూ! ఈసారి ఆఖరి బొమ్మ పంపుతున్నాను. గీసింది గీసినట్టు చెయ్యి. ఎక్కడా నీ సొంత తెలివి ఒక్క చుక్క కూడా కలపకు. విన్నావా?"

"ఒక్క చుక్క కూడా కలపనక్కా."

అన్నమాట తప్పలేదు. అక్కడే వచ్చింది అసలు తంటా.

శనివారం ఉదయం లైబ్రరీ తెరవకముందే పద్ధతిబాబు వచ్చి కొత్త తెర ఎక్కించాడు. అత్తాకోడళ్లిద్దరూ కుర్చీ వెనక నిలబడ్డారు. తెర వెలిగింది. నాలుగే బటన్లు, గది ఆ చివర నుంచి చదవగలిగేంత పెద్ద అక్షరాలు, అడిగిన ఆకుపచ్చ, అడిగినంత ఖాళీ. "తొలగించు" ఎక్కడా లేదు, దాన్ని ఎక్కడో లోపలి గదిలో పెట్టి తలుపు వేశారు. బోర్డక్క బటన్లను వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది. అప్పుడు కింద కుడి మూల వైపు చూసింది.

అక్కడ ఒక గుండ్రం ఉంది. లేత గోధుమరంగు, పెద్ద నాణెమంత, ఎడమవైపు కొంచెం తెగి.

"ఇదేంటి?" అంది.

"మీ బొమ్మలో ఉన్నదే అక్కా" అన్నాడు పద్ధతిబాబు గర్వంగా. "ఆ రంగు పట్టుకోవడానికే రెండు పొద్దులు పట్టింది. ఎడమవైపు తెగి ఉంది కదా, తెగినంత మేరా కొలిచి పెట్టాను. నొక్కితే కొంచెం లోపలికి పోయి పైకి వస్తుంది. ఏం చెయ్యాలో మీరు రాయలేదు గనక ఏమీ చెయ్యదు. నేనేమీ కలపలేదు."

బోర్డక్క తల పట్టుకుంది. "అది నా టీ గ్లాసు మరక బాబూ!"

అత్తగారు వంగి ఆ గుండ్రాన్ని దగ్గరగా చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నెల రోజులుగా నవ్వని మనిషి కుర్చీ చేతులు పట్టుకుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. "పారెయ్యమన్నానా ఆ గ్లాసు! పారెయ్యమన్నానా!" అంటూ నవ్వింది. పద్ధతిబాబు చెవులు ఎర్రబడ్డాయి.

"తీసెయ్యి, ఇప్పుడే తీసెయ్యి" అంది బోర్డక్క.

"దానికో పద్ధతి ఉందక్కా. దీన్ని ఇప్పటికే ఇద్దరు చూసి ఒప్పుకున్నారు. తియ్యాలంటే మళ్లీ పంపాలి, మళ్లీ ఇద్దరు ఒప్పుకోవాలి. నాలుగైదు రోజులు."

"ఒప్పుకున్న ఆ ఇద్దరూ ఇదేంటని అడగలేదా?"

"చక్కగా ఉందన్నారు."

అలా గుండ్రం నాలుగు రోజులు ఉండిపోయింది. ఆ నాలుగు రోజుల్లో అత్తగారు దానితో చెలిమి కట్టింది. మొదటి రోజు వేలు వణుకుతుంటే అడిగింది. "అమ్మాయ్, ఈ మరక నొక్కితే ఏమీ కాదు కదా?" ఏమీ కాదని కోడలు చెప్పింది. "ఎవరూ మాయమవరు కదా?" ఎవరూ మాయమవరంది. అయితే సరేనని అత్తగారు దాన్ని నొక్కింది. లోపలికి పోయింది, పైకి వచ్చింది. ఇంకోసారి నొక్కింది. ఆ తర్వాత ఒక్కో పుస్తకం పని అవగానే దాని మీద ఒక దెబ్బ వెయ్యడం అలవాటైంది, వెనకటి రోజుల్లో ముద్ర కొట్టినట్టు. మూడో రోజుకు వేలు వణకడం తగ్గింది. వరస గుమ్మం లోపలికి వచ్చేసింది.

తీసెయ్యడానికి అనుమతి వచ్చిందని పద్ధతిబాబు చెప్పగానే అత్తగారు కొంగు దోపింది. "అది తీస్తే నేను కూర్చోను."

"అది ఏమీ చెయ్యదు కదా అత్తయ్యా!"

"అందుకే కావాలి. మిగతావన్నీ ఏదో ఒకటి చేస్తాయి. చేసేవాటి మధ్య ఏమీ చెయ్యనిది ఒకటుంటే మనిషికి కాస్త ఊపిరాడుతుంది."

పద్ధతిబాబుకు ఇది మింగుడు పడలేదు. పనికిరాని బటన్ కావాలనడం ఏ పద్ధతిలోనూ లేదు. "అంటే సరిగ్గా ఎప్పుడు నొక్కుతారండీ?" అని ప్రశ్నలు మొదలుపెట్టాడు. బోర్డక్క అతని చేతిలోని నోటుబుక్కు మీద చెయ్యి పెట్టి ఆపింది.

"అడక్కు బాబూ. అడిగితే ఆవిడ ఏదో ఒకటి చెబుతుంది, అది నిజం కానక్కర్లేదు. ఎదురుగా కూర్చో. నోరు మెదపకు. చూడు."

ఆయన రెండు రోజులు సెలవు పెట్టాడు. ఆఫీసులో ఆయన సెలవు పెట్టడం చూసి ఒంట్లో బాగాలేదేమోనని ఇద్దరు పలకరించడానికి వచ్చారట. ఆయన మాత్రం కౌంటర్‌కు పక్కగా స్టూలు వేసుకుని, ఉదయం నుంచి సాయంత్రం దాకా, నోరు కుట్టేసుకున్నట్టు కూర్చున్నాడు. నోటుబుక్కులో గీతలు పెట్టుకున్నాడు. ఏం గీతలో చెప్పలేదు. ఈమె అడగలేదు. అడక్కుండా ఉండటానికి ఎంత కష్టపడిందో ఆమెకే తెలుసు.

నెలాఖరు రానే వచ్చింది. కమిటీ అంటే ఐదుగురు. అధ్యక్షురాలు రిటైరైన డాక్టరమ్మ, తక్కువ మాటలు, పదునైన చూపు. సెక్రటరీగారు చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నారు. కౌంటర్ ముందు పదిమంది వరసలో ఉన్నారు, హెడ్మాస్టరుగారు అందరికంటే ముందు. బోర్డక్క కిటికీ పక్కన నిలబడింది. ఆమె పక్కన పద్ధతిబాబు, మొహం చూస్తే నేరం చేసినవాడిలా ఉంది.

"ఏంటలా ఉన్నావు?" అంది ఆమె గుసగుసగా.

"ఏం లేదక్కా" అన్నాడు.

సెక్రటరీగారికి తన చేతుల మీదుగా మొదలుపెట్టాలని సరదా. "ముందు నా పుస్తకం తీసుకోండి" అంటూ ఒకటి కౌంటర్ మీద పెట్టారు. అత్తగారు ఆయన పేరు తెరిచింది. తెర మీద ఆయన దగ్గరున్న పుస్తకాల జాబితా వచ్చింది, తొమ్మిది. తెచ్చింది ఒకటే. ఆ ఒకదాని మీద "తిరిగి ఇచ్చారు" నొక్కాలి. ఐదుగురు మెడ మీద ఊపిరి వదులుతుంటే ఆమె వేలు జారింది. పైన ఉన్న "అన్నీ తిరిగి ఇచ్చారు" మీద పడింది. జాబితా ఖాళీ అయింది.

"అదుగో!" అన్నారు సెక్రటరీగారు. "చూశారా మేడమ్? నేనిచ్చింది ఒక్కటి. తొమ్మిది పోయాయి. ఇప్పుడు మిగతా ఎనిమిదీ లైబ్రరీలో ఉన్నాయో ఎక్కడున్నాయో ఎవరు చెప్పగలరు? నేను ముందే చెప్పాను, ఈ వయసులో ఆవిడ వల్ల కాదని."

బోర్డక్క కిటికీ ఊచ పట్టుకుంది. అత్తగారి మొహంలో రంగు లేదు. ఆమె ఎవరి వైపూ చూడలేదు. వేలు దానంతటదే కుడి మూలకు వెళ్లింది. ఏమీ చెయ్యని ఆ మరక మీద, ఊపిరి ఆడటం కోసం, టకటకా నొక్కింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు.

తొమ్మిది పుస్తకాలూ జాబితాలోకి తిరిగి వచ్చాయి.

అందరికంటే ముందు నోరు వెళ్లబెట్టింది అత్తగారే. కోడలి వైపు చూసింది. కోడలు పద్ధతిబాబు వైపు చూసింది. ఆయన నేల చూస్తున్నాడు. తెర మీద జాబితా పాత కార్డుల నాటి తేదీలతో సహా నిలబడి ఉంది. డాక్టరమ్మ కళ్లజోడు సవరించుకుని ముందుకు వంగింది.

"సెక్రటరీగారూ, ఈ ఎనిమిదీ మీ దగ్గర రెండేళ్ల నుంచి ఉన్నాయా?"

"అంటే... చదువుతున్నాను మేడమ్" అన్నారు సెక్రటరీగారు.

"ఎక్కడున్నాయో ఎవరు చెప్పగలరని అడిగారుగా" అంది అత్తగారు. గొంతులో దర్జా మళ్లీ దారిలో పడింది. "నేను చెప్పగలను. మీ ముందు గదిలో, అద్దాల బీరువా పై అరలో. కిందటేడు మీ ఇంటికి పేరంటానికి కాదు గానీ, ఒక కాగితం మీద సంతకానికి వచ్చినప్పుడు చూశాను. పుస్తకాల వీపుల మీద మన లైబ్రరీ చీటీలు కనపడ్డాయి."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. హెడ్మాస్టరుగారు దగ్గు నటించారు. డాక్టరమ్మ మాత్రం నటించకుండా నవ్వేసింది. "తప్పు చెయ్యనివాళ్లను నేనెక్కడా చూడలేదు. దిద్దుకోవడం వచ్చినవాళ్లు కావాలి. ఈవిడను ఇక్కడి నుంచి కదపక్కర్లేదు" అని మిగతావాళ్ల వంక చూసింది. సెక్రటరీగారితో సహా అందరూ తలూపారు. తలూపక ఆయన చేసేదేముంది!

కిటికీ దగ్గర బోర్డక్క పద్ధతిబాబు మోచెయ్యి పట్టుకుంది. "ఏం చేశావు?"

"తప్పు చేశానక్కా" అన్నాడాయన. నోటుబుక్కు తెరిచి చూపించాడు. రెండు రోజుల గీతలు. "చూశాను కదా. పని సరిగ్గా అయినప్పుడు ఆవిడ ఒక్కసారే నొక్కుతున్నారు. కంగారు పడినప్పుడు మూడుసార్లు, టకటకా. రెండు రోజుల్లో పందొమ్మిదిసార్లు అలా నొక్కారు, పందొమ్మిదిసార్లూ అంతకుముందు చేసిన పని తప్పే. అందుకని ఒకసారి నొక్కితే ఎప్పటిలా ఏమీ జరగదు. గబగబా మూడు నొక్కితే ఆఖరున చేసింది వెనక్కి వస్తుంది. నిన్న పొద్దున్నే పెట్టాను. ఎవరినీ అడగలేదు. ఇద్దరు చూడలేదు. పద్ధతి తప్పాను." నోటుబుక్కు మూసి, "నా సొంత తెలివి ఒక్క చుక్క కలిపాను" అన్నాడు.

బోర్డక్క ఆ గీతలను చివరిదాకా చూసింది. తన నోటితో తను పెట్టిన ఆంక్షే ఈ కుర్రవాడు దాటకపోయి ఉంటే అత్తయ్య ఈపాటికి వెనక గదిలో జిగురు డబ్బా ముందు కూర్చునేదని ఆమెకు తెలిసింది. కళ్లు తుడుచుకుంది. "ఇకనుంచి చుక్క చొప్పున కలుపుతుండు. చెప్పి కలుపు" అంది.

ఆ తర్వాత ఆయన ఆ మార్పును పద్ధతి ప్రకారం మిగతా పదహారుమందికీ పంపాడు, బొమ్మలు గీసేవాళ్లు పంపడానికి కూడా ఒక దారి పెట్టాలని ఇంకో ఉత్తరం రాశాడు. రెంటికీ ఒప్పుకున్నారు. దూరాన ఎక్కడో ఉన్న ఒకాయన మాత్రం అంతా బాగుంది, గుండ్రం ఎడమవైపు తెగి ఎందుకుందని అడిగాడు. చిత్రకారిణి గ్లాసు అడుగున పెచ్చు ఊడిందని పద్ధతిబాబు ఉన్నదున్నట్టు జవాబిచ్చాడు. దాని మీద చర్చ మూడు రోజుల్లోనే ముగిసింది. ఇప్పుడు మొహాలు తెలియని ఊళ్లలో, ఎవరెవరో కౌంటర్ల దగ్గర, కంగారు పడినప్పుడు ఆ టీ మరకనే టకటకా నొక్కుతున్నారు. బోర్డక్క మాత్రం ఇప్పటికీ గ్లాసు పారెయ్యలేదు. అత్తగారు పారెయ్యమనడం మానేసింది.

అదంతా తర్వాతి సంగతి. ఆ రోజు కౌంటర్ చుట్టూ కమిటీవాళ్లు, కోడలు, పద్ధతిబాబు, అందరూ ఒక్కసారిగా మాట్లాడుతుంటే అత్తగారు కాసేపు ఓర్చుకుంది. సెక్రటరీగారి పుస్తకం ఒక్కదాన్ని సరిగ్గా తీసుకుంది. మరక మీద ఒక్క దెబ్బ వేసింది. ఏమీ జరగలేదు.

"ఎవరి మాటలు వాళ్లు బయట మాట్లాడుకోండమ్మా, వెనకాల జనం నిలబడి ఉన్నారు" అని చేత్తో అందర్నీ పక్కకు తోసి, తలెత్తింది.

"తర్వాత ఎవరండీ?"